పీఎస్‌ఏ 5.8 వచ్చింది, వెంటనే బయాప్సీ చేయించుకోవాలా?

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ)
నాకు 61 ఏళ్లు. బీపీ మాత్ర తప్ప వేరే మందు వాడను. మాస్టర్ హెల్త్ చెకప్‌కు అల్లుడు ముందే డబ్బు కట్టేయడంతో కాదనలేక వెళ్లాను. షుగరు, కొలెస్ట్రాలు, కిడ్నీలు అన్నీ బాగున్నాయి. ఆఖరి పేజీలో మాత్రం పీఎస్‌ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చూసే రక్తపరీక్షట) 5.8 అని లావు అక్షరాల్లో వేసి, పక్కన మామూలు హద్దు 0–4 అని ఇచ్చారు. ఆ ప్యాకేజీలో ఈ పరీక్ష ఉందన్న సంగతే నాకు తెలియదు. సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రికి వెళితే, ఆ కాగితం చూసి, నన్ను చూడకుండానే బయాప్సీకి, అంటే సూదితో గ్రంథిలోంచి చిన్న ముక్కలు తీసి చూసే పరీక్షకు, తేదీ ఇచ్చారు. ఇంట్లో అప్పుడే కళ్లనీళ్లు మొదలయ్యాయి. ఇలాంటి అంకె వచ్చినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

కొత్తపేట ల్యాబ్ (గుంటూరు)
మాస్టారూ, రక్తం తీసే పనిలో ఉన్నాను కాబట్టి పరీక్ష వరకే చెబుతాను, వైద్యం చెప్పను. పీఎస్‌ఏ అంటే మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి తయారు చేసే ప్రోటీన్. క్యాన్సర్ కణాలే కాదు, మామూలు కణాలూ దాన్ని తయారు చేస్తాయి. వయసుతో గ్రంథి పెరిగినా, వాచినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, గొట్టం వేసినా అది రక్తంలోకి ఎక్కువగా చేరుతుంది. పరీక్షకు ముందు రెండు రోజుల్లో భార్యాభర్తలు కలిసినా, చాలా దూరం సైకిలు తొక్కినా అంకె కొద్దిగా పెరగవచ్చు. కౌంటరు దగ్గర పదిమందిలో ఈ మాట మేము అడగలేము, వచ్చినవాళ్లు చెప్పలేరు. పరగడుపున రావాలా అని మాత్రం అందరూ అడుగుతారు, ఈ పరీక్షకు ఆ అవసరమే లేదు!

ఆ రోజుల్లో మీకు మూత్రంలో మంట గానీ జ్వరం గానీ ఉందా? మళ్లీ చేయిస్తే అదే ల్యాబ్‌లో చేయించండి. ఒక్కో కంపెనీ యంత్రం కాస్త వేరుగా చూపిస్తుంది. రెండు చోట్ల చేయించి 5.8, 5.1 వస్తే తగ్గిందని సంబరపడలేము.

సత్యనారాయణపురం మాస్టారు
మంట ఉంది. చెకప్‌కు కొద్ది రోజుల ముందే యాంటీబయాటిక్ కోర్సు పూర్తయింది. దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

మంగళగిరి పీజీ
సర్జరీలో పీజీ చేస్తున్నాను. తప్పకుండా ఉంటుందండీ. మంట తగ్గినంత త్వరగా పీఎస్‌ఏ తగ్గదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి మళ్లీ చేయిస్తారు. 4 నుంచి 10 మధ్య వచ్చినవాళ్లకు బయాప్సీ చేస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ కనిపిస్తుంది. 10 దాటితే సగానికి పైగా. అలాగని 4 లోపు ఉన్నవాళ్లందరికీ ఏమీ లేదనీ కాదు.

రెండోసారీ ఎక్కువే వస్తే వేలితో గ్రంథిని పరీక్షిస్తారు, ఫ్రీ పీఎస్‌ఏ శాతం, అంటే మొత్తం పీఎస్‌ఏలో వేరే ప్రోటీన్లకు అంటుకోకుండా రక్తంలో విడిగా ఉన్నది ఎంతో, చూస్తారు. అది 25 పైన ఉంటే అనుమానం తక్కువ, 10 లోపు ఉంటే ఎక్కువ. తర్వాత ఎమ్మారై. అందులో పైరాడ్స్ అని 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు, మార్కు పెరిగేకొద్దీ అనుమానం ఎక్కువ. సూది సంగతి ఆ తర్వాత. మీ నాన్నగారికి గానీ అన్నదమ్ములకు గానీ ఈ జబ్బు వచ్చిందా? కుటుంబంలో ఆడవాళ్లకు రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయా? బీఆర్‌సీఏ2 జన్యువులో లోపం ఉన్న ఇళ్లలో మగవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ చిన్న వయసులోనే, ఉధృతంగా రావచ్చు. అలాంటివాళ్లు 40–45 ఏళ్ల నుంచే డాక్టరుతో మాట్లాడాలి.

సత్యనారాయణపురం మాస్టారు
మా ఇళ్లలో అలాంటివేమీ లేవు. నాన్నగారు గుండెపోటుతో పోయారు.

బ్రాడీపేట పెద్దాయన (గుంటూరు)
అసలు ఈ పరీక్షకే నేను వ్యతిరేకిని. 1970లో ప్రొస్టేట్ యాంటిజెన్‌ను గుర్తించిన రిచర్డ్ ఆబ్లిన్ గారే, దీన్ని అందరికీ మూకుమ్మడిగా చేయడాన్ని తప్పుపడుతూ 2010లో రాశారు. అమెరికాలో నివారణ వైద్య నిపుణుల బృందం 2012లో వద్దే వద్దంది. నిదానంగా పెరిగే జబ్బును వెతికి మరీ పట్టుకుని, ఆపరేషన్ చేసి, మనిషికి డైపరు కట్టడం పుట్టలో వేలు పెట్టడమే. ఎన్టీఆర్ స్టేడియంలో మాతో నడిచే ఒకాయన ఆ ఆపరేషన్ అయ్యాక రావడమే మానేశారు. దగ్గినా తుమ్మినా లుంగీ తడుస్తోందట.

ఉండవల్లి కోడలు
పెద్దాయన గారూ, మా మామయ్యగారి సంగతి కూడా వినండి. ఆయన నడుం నొప్పి అంటే డిస్కు అనుకున్నాం. నూనె రాశాం, బెల్టు కట్టించాం. పడుకుంటే తగ్గాల్సిన నొప్పి పడుకుంటేనే ఎక్కువయ్యేది. రాత్రంతా మంచం పట్టె పట్టుకుని కూర్చునేవారు. చివరికి ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి పీఎస్‌ఏ రాశారు. 300 దాటింది, అప్పటికే వెన్నులోకి పాకింది. మూత్రానికి ఆయనకు ఏ ఇబ్బందీ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు హార్మోను ఇంజెక్షన్ల మీద ఉన్నారు. ఒళ్లంతా సెగలు వచ్చి అర్ధరాత్రి ఫ్యాను కింద చొక్కా విప్పి కూర్చుంటారు. బైడెన్ గారికి కూడా ఎముకలకు పాకాకే 2025 మేలో బయటపడింది. అంతకుముందు చివరిసారి పీఎస్‌ఏ చేయించుకున్నది 2014లో అని ఆయన తరఫువాళ్లే చెప్పారు.

మంగళగిరి పీజీ
ఇద్దరూ చెప్పింది నిజమే. 2012 నాటి మాటను ఆ బృందమే 2018లో మార్చింది. 55–69 ఏళ్లవారు లాభనష్టాలు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవచ్చు, 70 దాటినవారికి ఈ స్క్రీనింగ్ వద్దు అని. యూరప్‌లో 1.6 లక్షల మందికి పైగా మగవాళ్లతో జరిగిన అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పరీక్షకు పిలిచినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. అంటే 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. లాభం ఉంది, చిన్నది. మన దేశంలో ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, ప్రొస్టేట్ లేదు.

లబ్బీపేట వాకర్ (విజయవాడ)
నాకు క్యాన్సర్ ఉంది, ఆపరేషన్ చేయించుకోలేదు. గ్లీసన్ 6, అంటే బయాప్సీలో ఉధృతికి వేసే మార్కుల్లో అన్నిటికంటే తక్కువది, అదీ చిన్న ముక్క. ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ, మధ్యలో ఎమ్మారై, అవసరమైతే మళ్లీ బయాప్సీ. దీన్ని యాక్టివ్ సర్వైలెన్స్ అంటారు. బ్రిటన్‌లో పీఎస్‌ఏతో బయటపడిన తొలిదశ రోగులను ఆపరేషన్, రేడియేషన్, గమనిస్తూ ఉండడం అని మూడు దారుల్లో పెట్టి 15 ఏళ్లు చూశారు. ఏ దారిలోనైనా ఈ క్యాన్సర్‌తో చనిపోయింది వందకు సుమారు ముగ్గురే. మా ఆవిడ మాత్రం నమ్మలేదు. "ఒంట్లో క్యాన్సర్ పెట్టుకుని బందరు రోడ్డు మీద వాకింగ్ ఏమిటండీ" అని పరామర్శకు వచ్చినవాళ్ల ముందే నిలదీసింది. డాక్టరు గారు ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాక గానీ ఊరుకోలేదు. బ్రాడీపేట పెద్దాయన గారూ, తప్పు రక్తపరీక్షది కాదు, అంకె చూడగానే కత్తి తీయడానిది.

తెనాలి మందుల షాపు
ఒక ముఖ్యమైన మాట. గ్రంథి వాపుకు టామ్సులోసిన్, డ్యుటాస్టెరైడ్ కలిపిన మాత్ర చాలామంది వాడుతున్నారు. డ్యుటాస్టెరైడ్ ఆరునెలలకు పైగా వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుంది. మా బాబాయికి 3.2 వస్తే బాగుందన్నారు, లెక్క ప్రకారం అది 6.4. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్‌తోనూ ఇదే సంగతి. ల్యాబ్ కాగితం మీద ఇది ఎక్కడా ఉండదు, డాక్టరుకు మీరే చెప్పాలి.

సత్యనారాయణపురం మాస్టారు
అందరికీ నమస్కారం. బయాప్సీ తేదీ వదులుకుని, చెప్పినన్ని వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో చేయించాను. 4.6, ఫ్రీ పీఎస్‌ఏ 14 శాతం. అటూ ఇటూ కాకుండా ఉంది. వేరే యూరాలజిస్టును కలిశాను. వేలితో చూసి గట్టిదనం ఏమీ తగల్లేదన్నారు, అయినా ఎమ్మారై చూడకుండా మాట చెప్పనన్నారు. వచ్చే వారం స్కాను. అల్లుడు సెలవు పెట్టి వస్తున్నాడు.

లబ్బీపేట వాకర్
మంచి పని చేశారు. రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. రేపు రెండో అభిప్రాయానికి వెళితే డాక్టర్లు ముందు అడిగేది దాన్నే. స్కానింగ్ సెంటర్లు అడక్కపోతే ఇవ్వవు.