వర్జీనియా బానిసల రికార్డుల్లో మన కోస్తా వాళ్ల సొంతూరు ఎక్కడ దొరుకుతుంది?

1635లో అమెరికాలోని వర్జీనియాలో జార్జ్ మెనెఫీ అనే వ్యాపారి తను తెచ్చిన ఒక్కో మనిషికి 50 ఎకరాల లెక్కన భూమి క్లెయిమ్ చేసిన లిస్టులో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఉంది కదా, అలాంటి వాళ్లు ఏ ఊరి నుంచి వెళ్లారో వెతుకుతున్నా. స్లేవ్ వాయేజెస్ అనే బానిస ఓడల ప్రయాణాల డేటాబేస్‌లో నాకు దొరికినవన్నీ ఆఫ్రికా ఓడలే. వర్జీనియా గెజిట్‌లో (1736 నుంచి వచ్చిన పేపర్) పారిపోయిన బానిసల ప్రకటనల్లో ఇండియన్ అని కొడితే అక్కడి తెగల వాళ్లే వస్తున్నారు, ఈస్ట్ ఇండియా అని కొడితే కొందరు దొరికారు గానీ రంగు, జుట్టు, బట్టలు అన్నీ రాసి ఊరు మాత్రం రాయలేదు, ఓనర్‌కి అదెందుకులే. మచిలీపట్నంలో ఇంగ్లీష్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఫ్యాక్టరీ (అంటే వ్యాపార స్థావరం) 1611 నుంచే ఉంది కాబట్టి లండన్ మీదుగా వెళ్లారేమో అని నా డౌట్. పుట్టిన ఊరో ఎక్కిన రేవో తెలియాలంటే లండన్ చర్చి బాప్టిజం రిజిస్టర్లు, వర్జీనియా కౌంటీ కోర్టు కేసులు, ఈ రెండిట్లో ముందు ఏది చూడాలి?