లెనన్ మొదటి సోలో ఆల్బమ్: ఎకో తీసేసిన మిక్స్ అసలుదా, పాతది అసలుదా?

బ్రాడీపేట_4వలైన్:
అందరికీ నమస్తే, మాది గుంటూరు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ 1970లో తెచ్చిన ప్లాస్టిక్ ఓనో బ్యాండ్ ఆల్బమ్ ఇంటర్ నుంచీ వింటున్నా, మా బాబాయి కేసెట్‌లో. 2021లో వచ్చిన దాని బాక్స్ సెట్‌లోని కొత్త మిక్సులు మొన్న దొరికితే రాత్రి డాబా మీద పడుకుని హెడ్‌ఫోన్స్‌లో మదర్ పాట రా స్టూడియో మిక్స్ పెట్టా. మా అమ్మ పోయి రెండేళ్లయింది. కేసెట్‌లో ఆ పాట ఎక్కడో దూరంగా పెద్ద హాల్లో ఎవరో ఏడుస్తున్నట్టు ఉండేది, ఇందులో గొంతు చెవి పక్కనే ఉంది, చివర్లో ఆ అరుపులు మొదలయ్యేసరికి తట్టుకోలేక ఆపేసి లేచి కూర్చున్నా. ఇంతకీ ఏది అసలు పాట? మీరు ఏది వింటారు?

సత్యనారాయణపురం_రికార్డులు:
తమ్ముడూ, ముందు రీమాస్టర్ వేరు రీమిక్స్ వేరు, చాలామంది కలిపేస్తారు. రీమాస్టర్ అంటే తయారైపోయిన స్టీరియో టేపుకి మెరుగులు దిద్దడం, రీమిక్స్ అంటే గొంతు, వాయిద్యాలు విడివిడిగా ఉన్న 8 ట్రాకుల టేపు దగ్గరికి మళ్లీ వెళ్లి గొంతు ఎంత, బేస్ ఎంత, డ్రమ్స్ ఎంత అని మొదట్నుంచీ తేల్చుకోవడం. ఈ ఆల్బమ్‌లో వాయించినవాళ్లే తక్కువ. డ్రమ్స్ రింగో, బేస్ క్లాస్ వూర్మన్, గిటార్, పియానో ఎక్కువగా లెనన్‌వే, గాడ్ పాటలో పియానో బిల్లీ ప్రెస్టన్, లవ్‌లో ఫిల్ స్పెక్టర్. అంత పల్చగా ఉంది కాబట్టే ఎకో తీస్తే పాట మొహమే మారిపోతుంది. బాక్స్‌లో ఇంజనీర్ పాల్ హిక్స్ చేసిన అల్టిమేట్ మిక్స్ పాత రూపం ఉంచి గొంతుని ముందుకు తెచ్చింది, ఎలిమెంట్స్ మిక్సుల్లో కొన్ని ట్రాకులే విడదీసి వినిపిస్తారు, నువ్వు విన్న రా మిక్స్‌లో ఆ ఎకోనిచ్చే రివర్బ్ (హాల్లో మార్మోగినట్టు చెయ్యడం), టేప్ డిలే (అదే శబ్దం కాస్త ఆగి మళ్లీ వినిపించడం) ఏవీ లేవు.

కానీ ఒక్క మాట, లెనన్‌కి తన గొంతు తనకే నచ్చేది కాదు, బీటిల్స్ రోజుల నుంచీ దాన్ని ఏదో ఒకటి చెయ్యమని ఇంజనీర్ల వెంట పడేవాడు, 1966లో ఇంజనీర్ కెన్ టౌన్‌సెండ్ ఏడీటీ (ఒకసారి పాడిన గొంతునే రెండుసార్లు పాడినట్టు వినిపించే పద్ధతి) కనిపెట్టడానికి అదీ ఒక కారణం. ఆ ఎకో ఆయన కావాలని పెట్టించుకున్నది. నా మటుకు 1970 మిక్సే అసలుది.

తెనాలి_పద్యం:
అన్నా, మీరు చెప్పింది నిజమే కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. చిన్నప్పుడు మా తాత పద్యనాటకాలకి తీసుకెళ్లేవాడు, వెనక కూర్చుంటే మైకులోంచి రాగం ఒక్కటే వచ్చేది, ముందు వరసలో కూర్చుంటే నటుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో కూడా తెలిసేది. పద్యం మాత్రం ఒకటే. రా మిక్స్ నాకు ఆ ముందు వరస లాంటిది. అయినా మిక్సులు మార్చడం కొత్తేం కాదు, లవ్ పాట ఆల్బమ్‌లో వినీ వినపడనంత సన్నగా మొదలవుతుంది, 1982లో సింగిల్‌గా వేసినప్పుడు ఆ పియానోని పెంచారు.

బ్రాడీపేట_4వలైన్:
ఇద్దరికీ థ్యాంక్స్ అన్నా. మీ రిప్లైలు చదివాక మళ్లీ మొత్తం విన్నా, ఈసారి ఆపలేదు. చివరి పాట మై మమ్మీస్ డెడ్ నిమిషం కూడా ఉండదు, లెనన్ దాన్ని మామూలు కేసెట్ రికార్డర్‌లో పట్టాడంట, విడదీయడానికి అందులో ట్రాకులే లేవు. బాబాయి కేసెట్‌లో ఎలా వినిపించేదో ఇప్పుడూ దాదాపు అలాగే ఉంది. ఆదివారం ఆయన్ని ఇంటికి పిలిచా, మదర్ రెండు మిక్సులూ వరసగా వినిపిస్తా, ఆయన ఏమంటాడో ఇక్కడే రాస్తా.