వేసవి ప్రణాళికను నగరపాలక సంస్థకు తప్పనిసరి చేసే చట్టం ఉందా?

ప్రశ్న (మూసాపేట, హైదరాబాద్, కాలనీ సంఘం కార్యదర్శి)

అందరికీ నమస్కారం. మా కాలనీ వెనుక వీధిలో రేకుల గదులు వరుసగా ఉన్నాయి. కూకట్‌పల్లి అడ్డా నుంచి పనికి వెళ్లే కూలీలు వాటిలో కుటుంబాలతో ఉంటున్నారు. కిందటి రోహిణి కార్తెలో అక్కడి తాపీమేస్త్రి ఒకరు రాత్రి పడుకున్నచోటే స్పృహ తప్పారు. పగలంతా కాగిన రేకు అర్ధరాత్రి దాటినా చల్లారలేదని ఆయన భార్య చెప్పింది. సమయానికి ఆస్పత్రికి చేర్చగలిగాం కాబట్టి బతికారు. ఆ తరువాత నేను స్థానిక కార్యాలయానికి వెళ్లి, వడగాడ్పుల రోజుల్లో ఈ వీధికి ఎవరు ఏమి చేయాలో రాసిన కాగితం ఏదైనా ఉంటే చూపమని అడిగాను. చలివేంద్రం పెట్టించామన్నారు. చలివేంద్రం మంచిదే, కానీ అది సాయంత్రానికి మూతపడుతుంది. రాష్ట్రస్థాయిలో వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక ఉందని తెలుసు. అటువంటిదాన్ని నగరపాలక సంస్థ వార్డులవారీగా తయారు చేసి తీరాలని ఎక్కడైనా ఉందా?

జవాబు (న్యాయవాది, సికింద్రాబాద్)

సగం ఉందండి. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలు కూడా విపత్తు ప్రణాళికను తయారు చేసుకొని, దాని ప్రతిని కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అందజేయాలి, ఎప్పటికప్పుడు సవరించాలి. అయితే ఆ సెక్షన్‌లో ఎండ అనే మాట లేదు. కాబట్టి వరదల గురించి నాలుగు పేజీలు రాసి, వేసవిని ఒక పేరాతో సరిపెట్టినా బాధ్యత తీరినట్లే కనిపిస్తుంది. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో వడగాడ్పులు లేకపోవడం ఈ నిర్లక్ష్యానికి ఇన్నాళ్లూ ఊతమిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బ మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. అదే ఏడాది కేంద్ర చట్టానికి వచ్చిన సవరణ, రాజధానులకూ నగరపాలక సంస్థలున్న నగరాలకూ ప్రత్యేక నగర విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేసే వీలు కల్పించింది. ఈ మూడింటినీ కలిపి చూపితే మీ అభ్యర్థనకు గట్టి ఆధారం ఉన్నట్లే. ముందుగా సమాచార హక్కు కింద 32వ సెక్షన్ ప్రణాళిక ప్రతిని కోరండి.

జవాబు (ప్రజారోగ్య వైద్యురాలు)

పరిహారాన్ని నేను తక్కువ చేయడం లేదు, కానీ అది మనిషి పోయిన తరువాత వచ్చేది. పైగా తహశీల్దారు, పోలీసు అధికారి, వైద్యాధికారి కలిసి వడదెబ్బ మరణమని ధ్రువీకరించాలి. రాత్రి గదిలో గుండె ఆగి మరణించిన వృద్ధురాలిని ఎండ వల్ల పోయినట్లు ఎవరు రాస్తారు? అహ్మదాబాద్‌లో 2010 మే నెల వడగాడ్పుల తరువాత, మామూలు సంవత్సరాల మరణాలతో పోల్చి లెక్కిస్తే 1,344 మరణాలు అదనంగా తేలాయి. ఆ లెక్క కళ్లకు కట్టడం వల్లే అక్కడి నగరపాలక సంస్థ 2013లో ప్రణాళిక అమలులోకి తెచ్చి, ఏ స్థాయి హెచ్చరికకు ఏ విభాగం కదలాలో ముందే నిర్ణయించుకుంది. మన నగరం ఆ లెక్కతోనే మొదలుపెట్టాలి. మరొక మాట. మీ మేస్త్రిగారి విషయంలో ప్రమాదం పగటి ఎండతో ఆగలేదు. రాత్రి శరీరం చల్లబడితేనే మరుసటి పగలును తట్టుకోగలదు. భారత వాతావరణ శాఖ వెచ్చని రాత్రులకు వేరే ప్రమాణం పెట్టుకున్నప్పటికీ, మన ఏర్పాట్లన్నీ మధ్యాహ్నం చుట్టూనే తిరుగుతున్నాయి. రాత్రంతా తెరిచి ఉండే సామాజిక భవనం, ఫ్యాన్లు, నీళ్లు, ఒక ఆశా కార్యకర్త ఉంటే ఆ వీధికి ఎంతో మేలు జరుగుతుంది.

జవాబు (విశ్రాంత ఇంజనీరు, పట్టణ ప్రణాళిక)

ప్రణాళికను తప్పనిసరి చేయాలనడంతో ఏకీభవిస్తున్నాను, అయితే డబ్బు కేటాయించని ఆదేశం వల్ల మరో దస్త్రం మాత్రమే పుడుతుందని అనుభవంతో చెబుతున్నాను. 2023లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ దేశంలోని 37 ప్రణాళికలను పరిశీలిస్తే, నిధుల ప్రస్తావన 11 వాటిలోనే కనిపించింది. ఎవరు ఎక్కువ ప్రమాదంలో ఉన్నారో లెక్కగట్టినవి రెండే. ఎండను వెనక్కి పంపే పూతల వంటివాటితో కప్పులను చల్లగా ఉంచాలనే చల్లని పైకప్పుల విధానం మన రాష్ట్రం అదే ఏడాది తెచ్చింది, అది నిజంగా మంచి అడుగు. కానీ నివాస భవనాల్లో అది 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే తప్పనిసరి. మీ వెనుక వీధి గదులు ఐచ్ఛికం కిందికి వస్తాయి. అద్దె వసూలు చేసుకునే యజమాని తనంతట తాను రేకుకు తెల్లని పూత వేయిస్తాడని నేను నమ్మను. ఆ ఖర్చును వార్డు నిధుల్లో చూపించమని పట్టుబట్టండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆ వీధిలో రేకుల గదులెన్నో, వాటిలో పసిపిల్లలు, వృద్ధులు ఎందరున్నారో ఈ ఆదివారం ఇంటింటికీ వెళ్లి రాసుకుంటాం. సమాచార హక్కు దరఖాస్తుకు ఆ పట్టికను జతచేసి, ప్రణాళిక ప్రతితో పాటు ఈ వార్డుకు బాధ్యుడైన అధికారి పేరు, రాత్రి విడిదికి కేటాయించిన భవనం, అందుకు ఇచ్చిన మొత్తం కూడా అడుగుతాం. న్యాయవాదిగారూ, దరఖాస్తును నగరపాలక సంస్థకు పంపాలా, జిల్లా కలెక్టరు కార్యాలయానికి పంపాలా, లేక రెండింటికీనా?

న్యాయవాది

రెండింటికీ వేరువేరుగా పంపండి. ప్రణాళిక ప్రతి తమకు అందలేదని కలెక్టరు కార్యాలయం జవాబిస్తే, నగరపాలక సంస్థ తన బాధ్యత నెరవేర్చలేదనడానికి అదే మీ చేతిలో మొదటి సాక్ష్యం అవుతుంది.