యూరిన్ మంట వేడి వల్లేనా, డాక్టర్‌కి చూపించుకోవాలా?

హాస్టల్ పిల్ల:
రెండు రోజుల నుంచి యూరిన్‌కి వెళ్తే మంటగా ఉందండి, పావుగంటకోసారి వెళ్లాలనిపిస్తుంది తీరా వెళ్తే నాలుగు చుక్కలే. పొత్తికడుపు బరువుగా ఉంది, జ్వరం లేదు. అమ్మకి ఫోన్ చేస్తే వేడి చేసింది బార్లీ నీళ్లు తాగు అంది, రూమ్మేటేమో తన దగ్గర పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ రెండున్నాయి వేసేసుకో అంటోంది. ఇంకెన్నాళ్లు చూడొచ్చు?

బెజవాడ అక్క:
ఆ మిగిలిన మాత్రలు మాత్రం వేసుకోకమ్మా. నేనూ వేడే అనుకుని వారం రోజులు కొబ్బరినీళ్లతో నెట్టుకొచ్చా, ఓ రాత్రి రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు, 103 జ్వరం, నడుముకి కుడిపక్కన పక్కటెముకల కింద పోటు, వాంతులు. యూరిన్ ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందన్నారు, నాలుగు రోజులు సెలైన్లు ఇంజెక్షన్లు. నీకు జ్వరం లేదు కాబట్టి కంగారొద్దు గానీ రేపు చూపించేసుకో. చలిజ్వరం, నడుం పక్క నొప్పి, వాంతులు మొదలైతే అర్ధరాత్రైనా ఆగొద్దు. కడుపుతో ఉన్నా, షుగరున్నా, మగవాళ్లకి గానీ చిన్నపిల్లలకి గానీ వచ్చినా అసలు రెండు రోజులు చూద్దాం అనే మాటే వద్దు.

ల్యాబ్ బాబాయ్:
మాత్ర పడకముందే శాంపిల్ ఇవ్వండి, పడ్డాక ఇస్తే కల్చర్‌లో, అంటే శాంపిల్‌లోని క్రిముల్ని పెంచి చూసే టెస్ట్‌లో, ఏమీ పెరక్కపోవచ్చు. ముందు కాస్త వదిలేసి మధ్యలోది డబ్బాలో పట్టాలి, ఇది ఎంత చెప్పినా వినరు జనం. మామూలు టెస్ట్ అదే రోజు వస్తుంది, కల్చర్‌కి రెండు మూడు రోజులు, ఏ మందు పనిచేస్తుందో అందులోనే తెలిసేది. ఎక్కువగా కనిపించేది ఈ-కోలై అనే బ్యాక్టీరియా, మన పేగుల్లో ఉండేదే. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కి అది చాలాసార్లు లొంగట్లేదిప్పుడు.

కోడలు:
మా అత్తగారికి 74. మంటా లేదు జ్వరమూ లేదు, ఉన్నట్టుండి నన్నే ఎవరమ్మా నువ్వు అని అడిగింది. పక్షవాతమేమోనని పరిగెత్తాం, తీరా చూస్తే యూరిన్ ఇన్ఫెక్షన్. ఏ కారణమైనా కానీండి పెద్దవాళ్లకి ఒక్కసారిగా తికమకొస్తే ఇంట్లో కూర్చుని ఆలోచించొద్దు.

హాస్టల్ పిల్ల:
చూపించుకుని ఇప్పుడే వచ్చా. శాంపిల్ తీసుకుని ఐదు రోజులకి మాత్రలిచ్చారు, మంట తగ్గినా మొత్తం వాడాలంట. ఆఫీసులో బాత్రూం బాగోదని సాయంత్రం దాకా నీళ్లే తాగను, వచ్చినా ఆపుకుంటా అంటే డాక్టరమ్మ గట్టిగా తిట్టింది. బార్లీ నీళ్లు తాగొచ్చంట, మాత్రలు మానకుండా. అమ్మ మాత్రం ఇంకా వేడే అంటోంది.