గోదాములో అనుభవాన్ని నోట్లుగా రాసిపెడితే డెలివరీలు మెరుగయ్యాయని ఎలా తేల్చాలి?

గోదాము పనిలో అసలు సమాచారం సీనియర్ల బుర్రల్లోనే ఉంటుంది: ప్యాలెట్ (సరుకు పేర్చే బల్ల) మీద సరుకు ఎత్తు ఎంత దాటితే ఏ కస్టమర్ వెనక్కి పంపుతాడు, ఏ సరుకు లేబుల్ స్కానర్‌కు అందదు. వాళ్లు సెలవు పెట్టిన షిఫ్టులో తప్పులు పెరుగుతాయి. అందుకే ప్రతి సమస్యకూ లక్షణం, కారణం, పరిష్కారం, చివరిసారి సరిచూసిన తేదీతో ఒక్కో పేజీ నోటు మొదలుపెట్టాం.

చిక్కంతా కొలతలోనే. నోటు ఎందరు తెరిచారన్న లెక్క పనికిరాదు, తెరిచినంత మాత్రాన వాడినట్టు కాదు. పైగా రాయడం అలవాటయ్యే మొదటి వారాల్లో తప్పులు పెరగకపోయినా నమోదయ్యేవి పెరుగుతాయి. సమయానికి, పూర్తిగా అందిన ఆర్డర్ల ఉమ్మడి శాతమూ మోసం చేస్తుంది: సమయానికి 98%, పూర్తిగా 97%, రెండింటికీ సంబంధం లేదనుకుంటే ఉమ్మడిగా దాదాపు 95%. అది మారితే ఏది కదిలిందో తెలియదు.

అనుకుంటున్న పద్ధతి ఇది: డాక్‌లను (లారీల్లోకి సరుకు ఎక్కించే, దించే చోట్లను) 4 గుంపులు చేసి, నాలుగేసి వారాల తేడాతో నోట్లు ఇవ్వడం. 1000 పికింగ్ లైన్లకు (ఆర్డర్‌లో ర్యాక్ నుంచి తీయాల్సిన ఒక్కో వస్తువు వరుసకు) తప్పులు, దిగిన సరుకు ర్యాక్‌కు చేరే సమయం, అదే సమస్య మళ్లీ రావడం పోల్చడం. ఇందులో సీజన్ రద్దీ ప్రభావాన్ని, కొత్తగా చేరినవాళ్ల ప్రభావాన్ని ఎలా వేరుచేయాలి? పాతబడిన నోట్లను ఎవరు, ఎన్నాళ్లకోసారి తీసేయాలి? ఇలా చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.