‘డ్యామేజ్ కంట్రోల్’కి నివారణ సరిపోతుందా?

సత్యనారాయణపురం నుంచి:
ఓడల్లో డ్యామేజ్ కంట్రోల్ మీద వ్యాసమొకటి తెలుగు చేస్తున్నాను. పేపర్ల అలవాటు కొద్దీ ‘నష్ట నివారణ’ అని రాసి, నేవీలో చేసి రిటైరైన మా బావగారికి చూపించాను. “చిల్లు పడ్డాక ఇంకా నివారణేమిటోయ్? నీళ్ళు పక్క అరలోకి పోకుండా చూడ్డమే మా పని” అన్నారు. కంపార్ట్‌మెంటుకి ‘అర’! అది మాత్రం వెంటనే రాసేసుకున్నాను.

వ్యాసంలో సంగతి ఇదీ: పొగ, వేడి, నీటిమట్టం కనిపెట్టే సెన్సర్లు అరల్లోంచి కంట్రోల్ గదికి కబురు పంపుతాయి. కేబుల్ ఓడకి ఎడమ పక్కా కుడి పక్కా వేసి, చివరలు కలిపి రింగు చేస్తారు. ఒకచోట తెగితే కబురు చుట్టు తిరిగి వస్తుంది. రెండుచోట్ల తెగితే మధ్య ముక్క మూగబోతుంది. అందుకని అక్కడి సెన్సర్ల కబుర్లు అందుకునే కంట్రోల్ పెట్టె తన అరల సంగతి తనే చూసుకునేలా పెడతారు. అన్నీ ఒక్క నెట్‌వర్కుకే వేలాడితే కష్టం: 1997లో అమెరికా యుద్ధనౌక యార్క్‌టౌన్‌కి చిల్లేమీ పడలేదు, కంప్యూటర్లో ఒక గడిలో సున్నా కొట్టారంతే. సున్నాతో భాగించబోయి కంప్యూటర్లు కూలి, ఓడ సముద్రంలో ఆగిపోయింది.

నా ఓటు ‘నష్టం కట్టడి’కి.

గుంటూరు, అరండల్‌పేట నుంచి:
నివారణని అంత తేలిగ్గా తోసెయ్యకండి. నొప్పి నివారణ మాత్ర నొప్పి వచ్చాకే కదా వేసుకుంటాం? సంస్కృతంలో నివారణ అంటే అడ్డుకోవడమే. ‘ముందుగా’ అన్నది మనం తగిలించుకున్న అర్థం.

సత్యనారాయణపురం:
నిజమే మాస్టారూ. కానీ మాత్ర వేస్తే నొప్పి పోతుంది. ఇక్కడ చిల్లు అలాగే ఉంటుంది, రేవు చేరేదాకా దాంతోనే కాపురం.

సింగ్‌నగర్ నుంచి:
2024 సెప్టెంబరులో, విజయవాడ వరదలప్పుడు, బుడమేరు వాగు గండ్లు ‘పూడ్చారు’ అన్నాం గానీ ‘నివారించారు’ అని ఎవరన్నా అన్నారా? కట్టడిలో మన కరకట్ట వినిపిస్తోంది, నాకదే ఇష్టం. రింగు సంగతి చదివితే ఆ రోజులే గుర్తొచ్చాయండీ. కరెంటు లేక ఫోన్లు చచ్చాక, మేడ మీంచి మేడ మీదికి కేకే మా నెట్‌వర్కు.

సత్యనారాయణపురం:
ఓడలోనూ ఆ కేక ఉందండోయ్! సౌండ్ పవర్డ్ ఫోను. బ్యాటరీ అక్కర్లేదు, మాట్లాడే గొంతు అదురుకే కరెంటు పుట్టి తీగ వెంట పోతుంది. ‘గొంతు ఫోను’ అందామా?

అరండల్‌పేట:
కట్టడి ఒప్పుకున్నా. కట్టా కట్టడీ రెండూ ‘కట్టు’ పిల్లలే. గొంతు ఫోను మాత్రం వద్దు నాయనా, మా ఇంట్లో ఫోన్లన్నీ గొంతుతోనే పనిచేస్తాయి.