కొత్త పొదుపు సంఘం: ఖాతా, లెక్కలు, మొదటి లోన్

చంద్రగిరి కోడలు:
అక్కలకు నమస్కారం. మాది చంద్రగిరి మండలంలో పల్లె. పదకొండు మందిమి సంఘం పెట్టుకుంటున్నాం, నెలకు తలా 100 పొదుపు. బ్యాంకు ఖాతాకు అందరి ఆధార్లూ ఇవ్వాలా? లోన్ రావాలంటే ముందు డిపాజిట్ వెయ్యాలంటున్నారు, నిజమేనా? మాలో మేం అప్పులిచ్చుకుంటే వడ్డీ ఎట్లా కట్టాలి?

పలమనేరు లెక్కలు:
పదకొండు మంది సరిపోతారమ్మా, పది నుంచి ఇరవై దాకా ఉండొచ్చు. ఇంకో సంఘంలో ఉన్నవాళ్లను మాత్రం చేర్చుకోవద్దు. మీది పల్లె కాబట్టి మండలంలోని వెలుగు ఆఫీసుకు పోండి, పల్లె సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ అది. తిరుపతి టౌన్లో వాళ్లకైతే టౌన్ సంఘాలను చూసే మెప్మా.

పొదుపు ఖాతాకు లీడర్ల కేవైసీ (ఆధార్ లాంటి గుర్తింపు కాగితాలు) చాలు. రిజర్వు బ్యాంకు నిబంధనే అది. మిగతా సభ్యులవి లోన్ ఇచ్చేటప్పుడు చూస్తారు. సంఘం పేరు, లీడర్ల పేర్లు, ఎవరెవరు సంతకం పెట్టాలనేది తీర్మానం రాసి, అందరి సంతకాలతో తీసుకుపోండి. ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద ముందే సంతకం పెట్టి ఒకరి చేతికి ఇవ్వడం మాత్రం ఎప్పటికీ వద్దు. సంఘాలు విడిపోయేది ఎక్కువగా దీని దగ్గరే.

డిపాజిట్ అక్కర్లేదు. సంఘాలకు 10 లక్షల దాకా లోన్‌కు తాకట్టు, మార్జిన్ (మన వంతుగా ముందు పెట్టే సొమ్ము) ఉండవు. లోన్ కోసమని మీ పొదుపు ఖాతాలో డబ్బు తీసుకోనీకుండా ఆపి పెట్టకూడదు కూడా. ఎవరైనా అడిగితే మర్యాదగా ఈ నిబంధన చెప్పండి, వినకపోతే వెలుగు సీసీని, అంటే సంఘాలను చూసే కమ్యూనిటీ కోఆర్డినేటర్ని, వెంట తీసుకుపోండి.

లోన్‌కు సంఘం ఆరు నెలలు నడిచి ఉండాలి. ఆ ఆరు నెలలు లెక్కబెట్టేది ఖాతా తెరిచిన రోజు నుంచి కాదు, మీ పుస్తకాల్లో ఉన్న దాన్నిబట్టి. అందుకే మొదటి మీటింగ్ నుంచే రాయండి. మొదటి విడత లోన్ మీ మూలధనానికి, అంటే సంఘంలో పోగైన సొమ్ముకు, ఆరు రెట్లు లేదా లక్షన్నర, ఏది ఎక్కువైతే అది. ఆరు నెలలకు మీ పొదుపు 6,600, ఆరు రెట్లంటే 39,600. కాబట్టి మీకు లక్షన్నర లెక్కే వర్తిస్తుంది.

పాకాల పుస్తకాల అక్క:
వడ్డీ సంగతి నేను చెప్తా. నూటికి రూపాయి అనుకుందాం. 5,000 అప్పు, నెలకు 500 అసలు. మొదటి నెల వడ్డీ 50, మొత్తం 550. రెండో నెల బాకీ 4,500, కాబట్టి వడ్డీ 45, మొత్తం 545. పది నెలలకు వడ్డీ 275. కొందరు 5,000కే పది నెలలూ 50 చొప్పున వసూలు చేస్తారు, అప్పుడు 500 అవుతుంది. తీరిపోయిన అసలు మీద కూడా వడ్డీ తీసుకోవడం అన్యాయం.

తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, పొదుపు–అప్పుల లెడ్జర్, తలా ఒక పాసుపుస్తకం పెట్టుకోండి. డబ్బు చాప మీద పెట్టి, అందరి ముందే ఎంచి, అక్కడే రాయాలి. పోయిన మీటింగ్ నాటి నిల్వలో ఈరోజు వచ్చింది కలిపి, ఇచ్చింది తీసేస్తే చేతిలో ఉన్న నగదుకు సరిపోవాలి. పది రూపాయలు తేడా వచ్చినా అది తేలేదాకా లేవొద్దు. ఇంటికి పోయి రాసుకుందాంలే అంటే ఆ తేడా ఇంక దొరకదు.

చంద్రగిరి కోడలు:
చాలా మేలు చేశారక్కా. చింతపండు సీజన్లో నలుగురైదుగురు ఒకేసారి అప్పు అడిగితే ఎట్లా?

పాకాల పుస్తకాల అక్క:
అందరి అవసరాలూ ముందు చదివి వినిపించండి. ఆస్పత్రి, బడి ఫీజు ముందు, సరుకు కొనుగోలు తర్వాత. మిగిలిన డబ్బు సరుకు వాళ్లకు కొంచెం కొంచెం పంచండి, ఈసారి తక్కువ తీసుకున్నవాళ్ల పేరు తీర్మానంలోనే రాసి వచ్చే నెల మొదట వాళ్లకు ఇవ్వండి. లీడర్ తన వంతుకు తానే సరే అనకూడదు, మిగతా వాళ్లు ఒప్పుకోవాలి.